ఉప్పుగాలి ఊళ్లో కారు చక్రాల గూళ్లు

సంపాదకులకు నమస్కారములు.

వానాకాలానికి ముందు వాహనాలను ఎలా సిద్ధం చేసుకోవాలో వివరిస్తూ మీ వాహన పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. టైర్లు, వైపర్లు, బ్రేకులు, బ్యాటరీ గురించి అందులో చెప్పిన మాటలన్నీ సబబుగానే ఉన్నాయి. కారు అడుగు భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అండర్‌బాడీ కోటింగ్ వేయించుకుంటే ఇక తుప్పు బెడద ఉండదన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో వ్యాసకర్త సరిపెట్టారు. అంబత్తూరు పారిశ్రామిక వాడలో వాహనాల విడిభాగాలకు రంగులు పూసే విభాగంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడిగా, ఇప్పుడు తిరువాన్మియూరులో సముద్రపు గాలి సోకే వీధిలో కాపురం ఉంటున్నవాడిగా ఆ వాక్యంతో నేను ఏకీభవించలేను. చెన్నైలో కార్లను తినేసే తుప్పు ఎక్కువగా మొదలయ్యేది చక్రాల గూళ్లలో, అంటే మడ్‌గార్డుల లోపలి వంపులో. అక్కడ పేరుకున్న ఉప్పు మట్టిని ముందు వదిలించకుండా దాని మీద ఎంత ఖరీదైన కోటింగు వేసినా అది రక్షణ కాకపోగా, తుప్పును కంటికి కనబడకుండా దాచే ముసుగు అవుతుంది. మీ పాఠకుల్లో కారు ఉన్నవారికి పనికివస్తుందనే ఉద్దేశంతో ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఊరి వాతావరణం సంగతి ముందుగా చెప్పాలి. కార్లతో వచ్చే సూచనల పుస్తకాల్లో తుప్పు గురించిన పేజీ ఒకటి ఉంటుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చలి దేశాలను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ కనుక మనవాళ్లు దాన్ని చదవకుండానే తిప్పేస్తారు. మన రోడ్ల మీద ఉప్పు ఎవరూ చల్లరన్న మాట నిజమే కానీ, బంగాళాఖాతం ఆ పని ఏడాది పొడుగునా చేస్తూనే ఉంటుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో కలిసి ఉప్పు రేణువులుగా ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తీరం నుంచి దూరం జరిగేకొద్దీ దాని తీవ్రత వేగంగా తగ్గుతుంది కాబట్టి, బెసంట్‌నగర్‌లోనో కాశిమేడులోనో వీధిలో నిలిపి ఉంచే కారుకూ, అంబత్తూరులో ఉండే కారుకూ వచ్చే ముప్పు ఒక్కటి కాదు. ఈ తేడా ఊహాగానం కాదు. 1948లో శంకుస్థాపన జరిగిన కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశంలోని అనేక చోట్ల లోహపు రేకులను ఆరుబయట వదిలి, ఎక్కడ ఎంత తుప్పు పడుతున్నదో కొలిచి, తుప్పు పటాన్నే తయారుచేసింది.

ఉప్పు ఉన్నంత మాత్రాన ఇనుము తుప్పు పట్టదు, తడి కూడా ఉండాలి. వాన లేని రోజుల్లో తడి ఎక్కడిది అని అడిగేవారికి వంటింట్లో మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బాయే సమాధానం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే అంత తేమ కూడా అక్కరలేదు, 33 శాతం దగ్గరే అది నీటిని లాక్కుంటుంది. చెన్నైలో తెల్లవారుజామున గాలి తేమ 75 శాతం దాటడం సర్వసాధారణం కాబట్టి, గూట్లో ఉప్పు మట్టి అంటుకుని ఉన్న కారు చినుకు పడని రాత్రి కూడా తడిసినట్లే లెక్క. ఏప్రిల్, మే నెలల్లో కారు కింద కడగనవసరం లేదనుకోవడం అందుకే సరికాదు.

ఇక ఆ గూటి నిర్మాణం. కంపెనీలో కారు బాడీని రసాయన స్నానం చేయించి, విద్యుత్తు సాయంతో ప్రైమరు పట్టేలా పెద్ద తొట్టిలో ముంచి తీస్తారు. ఆ పొర మందం సుమారు 20 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. రేకులు కలిసే అతుకుల్లో సీలెంటు పూస్తారు, చక్రాల గూళ్లలో రాళ్ల దెబ్బలు తగిలే చోట పీవీసీ పూత వేస్తారు, చాలా కార్లలో ముందు చక్రాల పైన ప్లాస్టిక్ లైనర్లు, అంటే గూటి రేకును కప్పే తొడుగులు, బిగిస్తారు. వెనుక చక్రాలకు లైనర్లు లేని కార్లు, ముఖ్యంగా తక్కువ ధరవి, ఇప్పటికీ రోడ్ల మీద చాలానే కనిపిస్తాయి. ఈ ఏర్పాటంతా బాగానే పనిచేస్తుంది, మట్టి నిలవనంతవరకు. మడ్‌గార్డు అంచును లోపలికి మడిచిన చోట వేలెడంత వెడల్పున ఒక గట్టు ఏర్పడుతుంది. టైరు విసిరే బురద నేరుగా వెళ్లి ఆ గట్టు మీద కూర్చుంటుంది. ఎండినట్లు పైకి కనిపించినా లోపల రోజుల తరబడి చెమ్మ వదలదు. పైగా మట్టి కప్పిన చోట లోహానికి ప్రాణవాయువు తక్కువగా అందుతుంది, పక్కనే బయటకు కనిపించే లోహానికి ఎక్కువగా అందుతుంది. ఈ హెచ్చుతగ్గు వల్లనే చిన్న బ్యాటరీ లాంటి చర్య మొదలై, మట్టి కింద ఉన్న లోహం కరగడం ఆరంభిస్తుంది. పైనున్న రేకు నిగనిగలాడుతూ ఉండగానే అంచు దగ్గర రంగు పొక్కులు లేవడానికి కారణం ఇదే. తుప్పు అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును అడుగు నుంచి పైకి నెడుతుంది. పొక్కు బయట కనబడే నాటికి లోపలి వైపు పని సగం పైగా జరిగిపోయి ఉంటుంది.

చాలామంది ఎరుగని చోటు మరొకటి ఉంది. ముందు మడ్‌గార్డు వెనుక కొసన, తలుపు కీలుకు ముందు, లైనరుకూ రేకుకూ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. ముందు అద్దం అడుగున పడిన వాన నీళ్లు చాలా కార్లలో ఆ ఖాళీ గుండానే కిందికి దిగుతాయి. అడయారు, మైలాపూరు వీధుల్లో చెట్ల కింద నిలిపే కార్లలో ఎండుటాకులు, పూరేకులు ఆ నీళ్లతోపాటే దిగి అడుగున పేరుకుంటాయి. చక్రాల వైపు నుంచి వచ్చే మట్టి కూడా వాటితో కలిసి మెత్తని ఎరువుగా మారి, నీళ్లు బయటికి పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. బయట నుంచి ఎంత ప్రెషరుతో నీళ్లు కొట్టినా లైనరు అడ్డం ఉన్నందున అది కదలదు. వాటర్ సర్వీసు వాళ్లు గూడు తళతళలాడేలా కడిగి ఇచ్చారని సంతోషించే యజమానికి వాళ్లు కడిగింది ప్లాస్టిక్ లైనరునే తప్ప రేకును కాదని తోచదు. ఏడాదికి ఒక్కసారైనా, ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన జనవరిలో, లైనరు క్లిప్పులు ఊడదీయించి వెనుక వైపు చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. క్లిప్పులు పాతవైతే విరుగుతాయి, కొత్తవాటికి అయ్యే ఖర్చు స్వల్పమే. రెండు క్లిప్పులు లేకుండానే బిగించి పంపే షాపులూ ఉన్నాయి. అలా వేలాడే లైనరు మలుపుల్లో టైరుకు రాసుకుని చిరుగుతుంది కాబట్టి, కారు తీసుకునేటప్పుడు చేత్తో ఊపి చూసుకోవాలి.

కడిగే పద్ధతికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. పైభాగం కడిగి, తుడిచి, చివర్లో కింద నీళ్లు కొట్టడం మన అలవాటు. దాన్ని తిరగేసి చక్రాల గూళ్లతోనే మొదలుపెట్టాలి, లేకపోతే అక్కడి మురికి మళ్లీ తలుపుల మీదికే చిందుతుంది. దూర ప్రయాణం నుంచి అప్పుడే వచ్చిన కారు అయితే బ్రేకు డిస్కులు చల్లారేవరకు ఆగాలి, కాలిన డిస్కు మీద చల్లని నీళ్లు పడడం మంచిది కాదు. స్టీరింగును ఒకవైపు పూర్తిగా తిప్పితే ముందు చక్రం వెనుక చేయి పట్టేంత సందు ఏర్పడుతుంది, రెండోవైపు తిప్పితే ముందరి సందు తెరుచుకుంటుంది. ఇందుకు చక్రం విప్పనక్కరలేదు. చక్రం విప్పే పట్టుదల ఉన్నవారు కారును ఒట్టి జాకీ మీద వదిలి గూట్లోకి తల పెట్టకూడదు, కింద స్టాండు పెట్టాల్సిందే. ముందుగా నీళ్లను మెల్లగా, ఎక్కువసేపు పోనిచ్చి మట్టిని నాననివ్వాలి. నానిన తర్వాత పొడుగు పిడి బ్రష్షుతో పైవంపు నుంచి కిందికి రుద్ది, చివర్లో అంచు మడత లోపల వేళ్లతో తడిమి చూడాలి. చేతికి తొడుగు ఉండాలి, అక్కడి రేకు అంచు కోసుకుంటుంది. వేలికి గరుకు తగిలితే మట్టి ఇంకా ఉందని అర్థం. సబ్బు కావాలంటే కారు షాంపూ చాలు. చక్రాల మెరుపు కోసం అమ్మే ఆమ్లపు ద్రావకాలు గూళ్లలోకి పోకుండా చూసుకోవాలి.

ప్రెషర్ గన్ను గురించి ఒక హెచ్చరిక చేయాలి. గన్ను మొనకూ రేకుకూ మధ్య కనీసం అడుగు దూరం ఉండాలి. డ్రైవ్ షాఫ్టు రబ్బరు తొడుగుల మీద, చక్రం వేగాన్ని పసిగట్టే ఏబీఎస్ సెన్సారు తీగల మీద, టైరు పక్క గోడల మీద నేరుగా గురిపెట్టకూడదు. ఎప్పుడో పొక్కిన పూత అంచును గన్ను లేపేస్తే నీళ్లు దాని కిందికి చేరి అక్కడే నిలుస్తాయి. నిజానికి ఈ పనికి వేగంగా కొట్టే నీళ్ల కంటే తీరిగ్గా పారే నీళ్లే మేలు, ఎందుకంటే ఉప్పు కరగడానికి కావలసింది సమయం.

ఏ నీళ్లతో కడుగుతున్నామన్న ప్రశ్న చెన్నైలో చాలా ముఖ్యమైనది. తీర ప్రాంతాల్లోని బోర్లలోకి సముద్రపు నీరు చొరబడడం ఇక్కడ పాత కథే. ఉత్తరాన మీంజూరు చుట్టుపక్కల ఇది దశాబ్దాలుగా ఉన్న సమస్య. తిరువాన్మియూరులోనూ బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే ఇళ్లు ఉన్నాయి. ఆ నీళ్లతో ఉప్పు కడగడం అంటే పాత ఉప్పును తీసి కొత్త ఉప్పును రాయడమే. మట్టి వదిలించడానికి బోరు నీళ్లు వాడినా, చివరి రెండు బకెట్లు మంచినీళ్లయి ఉండాలి. నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఇప్పుడు చవకగా దొరుకుతున్నది. తాగునీటి ప్రమాణంలో ఆమోదయోగ్యమైన పరిమితిగా చెప్పే లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోబడి ఉన్న నీళ్లయితే చివరి కడుగుడుకు నిశ్చింతగా వాడవచ్చు. 2003లో తమిళనాడులో వాన నీటి సేకరణను తప్పనిసరి చేసినప్పటి నుంచి చాలా ఇళ్లలో అందుకు తగిన తొట్లు ఉన్నాయి. ఇంటికప్పు నుంచి పట్టిన వాన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు కాబట్టి ఈ పనికి వాటిని మించినవి లేవు. ఎద్దడి రోజుల్లో ట్యాంకరు నీళ్లతో కారంతా కడగడం నాకూ నచ్చదు. పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి సరిపెట్టి, ఉన్న నీళ్లను నాలుగు గూళ్లకు కేటాయించమని అడిగినవారికి చెబుతుంటాను. దీనికి మా అపార్టుమెంటులో కొందరు నవ్వుకుంటారు, పైకి మురికిగా ఉండి లోపల శుభ్రంగా ఉండే కారు వాళ్లకు వింతగా తోస్తుంది.

కడిగిన తర్వాత ఆరబెట్టడం కూడా పనిలో భాగమే. తడి కారును నేరుగా నేలమాళిగలోని పార్కింగులోకి దించి, పైన కవరు కప్పేస్తే గాలి ఆడక చెమ్మ అలాగే ఉండిపోతుంది. కాసేపు ఎండలో నడిపి, ఖాళీ రోడ్డు మీద బ్రేకులు మెల్లగా నొక్కి వాటి తడి కూడా పోగొట్టి, ఆ తర్వాతే నిలపాలి. మహాబలిపురం వైపు తీరపు రోడ్డు మీద తిరిగి వచ్చినా, సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట వైపు వెళ్లి వచ్చినా, ఇంటికి చేరిన మర్నాడే కడగడం ఉత్తమం. సరదా కోసం కారును ఇసుకలోకి, అలల అంచుకు దించేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక కోటింగుల సంగతి. మన ఊళ్ల వాటర్ సర్వీసుల్లో కడిగిన వెంటనే కారు కింద ఆయిల్ స్ప్రే కొట్టడం పాత ఆచారం. కాలిన ఇంజన్ ఆయిల్లో డీజిల్ కలిపి కొట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. రేకు మీద నూనె పొర ఉంటే నీళ్లు అంటవన్నది వారి వాదన, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ నూనె సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులనూ రబ్బరు బ్రేకు గొట్టాలనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదానికి దారితీస్తుంది. కాలిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద జాగ్రత్తగా సేకరించి అప్పగించాలి తప్ప, వాన పడితే కారు నుంచి కారి కాలువలోకి పోయేలా చేయకూడదు. ఆయిల్ స్ప్రే డబ్బులు తీసుకోండి కానీ ఆయిల్ కొట్టవద్దని వాటర్ సర్వీసు వాళ్లకు చెప్పడం తప్ప నాకు వేరే ఉపాయం కనిపించలేదు.

తారు ఆధారిత, రబ్బరు ఆధారిత కోటింగులు అంత చెడ్డవి కావు, సరిగా వేస్తే. సరిగా వేయడమంటే ముందు లైనర్లు విప్పాలి, మట్టి పూర్తిగా వదిలేలా మంచినీళ్లతో కడగాలి, కనీసం ఒక పూటంతా ఆరనివ్వాలి. తుప్పు మొదలైన చోట వైరు బ్రష్షుతోనూ ఎమరీ పేపరుతోనూ గట్టి లోహం తగిలేవరకు గోకి, తుప్పును మార్చే ద్రావకమో జింకు ప్రైమరో పూసి, అది ఎండాక పైపూత వేయాలి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా, బ్రేకు భాగాల మీద, సైలెన్సరు మీద పడకుండా అడ్డు కట్టాలి. కొత్త కారు కొన్న రోజున అరగంటలో ముగించి ఇచ్చే కోటింగులో ఇవన్నీ జరగడం అసాధ్యం. మా వీధిలోని ఒక పరిచయస్తుడి కారుకు ఒక సర్వీసు కేంద్రం వారు వానాకాలం మధ్యలో ఇలాగే పూసి ఇచ్చారు. తర్వాతి ఏడు టింకరింగుకు వెళ్లినప్పుడు పూతను పెచ్చుగా ఊడదీస్తే, లోపలి వైపు ఎర్రటి పొడి, దాని వెనుక తడి ఇసుక కనిపించాయి. పూత పగుళ్ల గుండా లోపలికి వెళ్లే నీళ్లకు బయటికి వచ్చే దారి ఉండదు. ఆరని మెత్తని మైనపు పూతలు, గొర్రె ఉన్ని కొవ్వుతో చేసేవి, ఈ విషయంలో కొంత మేలు. అవి పగలవు, మడతల్లోకి పాకుతాయి, కాకపోతే రాళ్ల దెబ్బకు నిలవవు కాబట్టి ఏటా మళ్లీ వేయించాలి. గూటి వంపుకు గట్టి పూత, అంచు మడతకూ లైనరు వెనుకకూ మెత్తని మైనం అన్నది నేను నమ్మే పద్ధతి.

ఏ సర్వీసు కేంద్రానికి వెళ్లినా పూత వేయడానికి ముందు లైనర్లు విప్పి, కడిగి, ఆరిన గూడును యజమానికి చూపించాలనీ, దగ్గర లేకపోతే ఫోటో తీసి పంపాలనీ అడగడం మన హక్కు. మీ వాహన పుట ఈ ఒక్క మాటను పాఠకులకు అలవాటు చేయగలిగితే చాలా కార్ల ఆయుష్షు పెరుగుతుంది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, తనిఖీ తర్వాతే కొనసాగింపు దొరుకుతుంది కాబట్టి, ఇంజను బాగుండి కూడా బాడీ తుప్పు వల్ల పాత సామానుకు పోయే కారు ఎవరికైనా నష్టమే.

చివరిగా, నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి చెన్నైకి వచ్చి సెకండ్‌హ్యాండ్ కార్లు కొనుక్కువెళ్లే మన తెలుగువారికి ఒక మాట. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు ఇక్కడ కురిసిన కుండపోతలో ఎన్నో కార్లు నీట మునిగాయి. 2024 అక్టోబరులో భారీ వర్ష సూచన రాగానే వేళచ్చేరి వాసులు ఫ్లైఓవరు మీద కార్లను వరుసగా నిలిపింది ఆ అనుభవంతోనే. మునిగిన కారుకు సీట్లు మార్చవచ్చు, కార్పెట్లు మార్చవచ్చు, లోపల సువాసన కొట్టవచ్చు. లైనర్లు విప్పి వెనుక ఒండ్రు కడిగే ఓపిక మాత్రం అమ్మేవారిలో అందరికీ ఉండదు. కొనేముందు పగటి వెలుతురులో ముందు చక్రాల లైనరు అడుగు క్లిప్పులు ఊడదీయించి, టార్చి వేసి చూడండి. రోడ్డు మీద నుంచి ఎగిరిన మట్టి గరుకుగా, చుక్కలు చుక్కలుగా, టైరు విసిరిన వైపే ఉంటుంది. వరద వదిలిన ఒండ్రు మెత్తగా, సమంగా, టైరు నుంచి చిందే అవకాశమే లేని ఎత్తుల్లోనూ మూలల్లోనూ పరుచుకుని, ఒక్కోసారి నీటి మట్టం గీతతో సహా కనిపిస్తుంది. అంచు మడతలో వేలు పెట్టి తడమండి, అయస్కాంతం ఆనించి చూడండి. తుప్పు రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి రంగు వేసిన చోట అది అంటదు. క్లిప్పులు ఊడదీయడానికి అమ్మకందారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపి, వేరే కారు చూసుకోండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తిరువాన్మియూరు, చెన్నై